సాకు అన్న ఆ మాట

నాకు కన్నడం వచ్చింది కొళాయి కాడ. బడి నేను మూడో తరగతితోనే మానేసినాను, అదీ కదిరి దిక్కు తెలుగు బడి. పెండ్లయి మడివాళకు వచ్చినాక మా వఠారం మొత్తానికి ఒకటే కొళాయి. ఎవురి బిందె ముందర, ఎవురి బిందె వెనక అనే కొట్లాటలో నోరు తెరిస్తేనే నీళ్ళు. తెలుగులో తిడితే ఆడ ఎవురికీ తగలదు. అందుకని కన్నడం నేర్చుకున్నా. తిట్లు ముందు వచ్చినాయి, మర్యాదలు నిదానంగా వచ్చినాయి.

ఆ కన్నడమే నన్ను వఠారంలో పెద్దమనిషిని చేసింది. మా ఓనరమ్మ ఇంట్లో కలర్ టీవీ ఉండేది. ఆదివారం మధ్యాన్నం పూట కన్నడంలో ఒక నాటకం వేసేవాళ్ళు. ఇప్పటి సీరియళ్ళ మాదిరి పుట్టినబిడ్డ పెండ్లీడుకు వచ్చేదాకా సాగేవి కాదు. గంటలో మొదలై గంటలో అయిపోయేది. మా పక్క నుంచి కూలి పనికి కొత్తగా వచ్చిన ఆడోళ్ళకు ఆ బాస తెలీదు. నేను అందరి ముందర చాప మింద కూర్చోని, టీవీలో వాళ్ళు మాట్లాడేది మాట్లాడినట్లే తెలుగులో చెప్తా ఉంటిని. ఉన్నది ఉన్నట్ల చెప్తే నాకు తోచదు. ఏడ్చేదానికి ఇంకొంచెం ఏడుపు కలిపి, తిట్టేదానికి మా ఊరి తిట్లు రెండు కలిపి చెప్తా ఉంటిని.

"అవళు ఒందు మాతాడిద్రె నీను హత్తాడ్తీయల్లే!" అనేది ఓనరమ్మ. అది ఒక మాటంటే నువ్వు పది మాటలంటావే అని.

"మా కదిరి వాళ్ళకు ఒక మాట చాలదు ఓనరమ్మా" అనేదాన్ని నేను.

అప్పట్లోనే మా మామ పోయినాడు. దినాలు అయినాక మా ఆయన వాళ్ళమ్మను ఊర్లో ఒంటిగా పెట్టలేక మా కాడికి పిలుచుకొచ్చినాడు. అప్పటికి నా పెద్దబిడ్డ ఇంకా చంకలోనే ఉండాది.

మా మామ గురించి ఒక మాట చెప్పాల. ఆయన మేస్త్రీ. మా ఊర్లో సగం ఇండ్ల గోడలు ఆయన చేతివే. బో నవ్వుమొగం మనిషి. ఆయన వస్తా ఉంటే వీధి వీధంతా పలకరించేది. నన్ను ఒక్కనాడు కూడా పేరు పెట్టి పిలవలేదు, "అమ్మణ్ణీ" అనే పిలిచినాడు. మా ఆయనకు తాపీ పట్టుకోవడం, గోడ నిలువుకు గుండు వదలడం, సమానానికి రసమట్టం చూడడం అన్నీ ఆయనే నేర్పినాడు. నాయనంటే మా ఆయనకు పానం.

అందుకని నాయన పోతానే మడివాళ మార్కెట్టు కాడ ఉండే స్టూడియోలో ఫోటో పెద్దది చేయించినాడు. మా పెండ్లి ఫోటోలో మూలన నిలబడుకోనుండే నాయనను కత్తిరించి ఇచ్చినాడు. స్టూడియో ఆయన తన పనితనమంతా చూపిచ్చినాడు. మా మామ పుట్టినాక ఎన్నడూ తొడగని కోటొకటి తొడిగిచ్చినాడు. ఆ పొద్దు ఫ్లాషుకు మామ కండ్లు సగం మూతపడింటే, బ్రష్షుతో నల్లగా దిద్ది, ఇంతింత కండ్లు చేసినాడు. పటం చూసి మా ఆయన ఏడ్చినాడు. "నాయన నన్నే చూస్తాండాడు మే" అన్నాడు.

మాది ఒకటే గది. దాని వెనక ఒక మనిషి తిరిగేంత వంటిల్లు. గదిలో రెండు గోడలకు చెమ్మ. మూడో గోడకు మేము పండుకునేది, అడ్డం ఒక పాత చీర కట్టుకోని. ఇంక నాలుగో గోడకు మొల కొట్టి పటం తగిలిచ్చినాడు. దాని కిందనే మా అత్తకు చాప.

మా అత్త వచ్చిన తొలినాటి రాత్రి లోపలే పండుకునింది. తెల్లారి లేచి చూస్తే చాప చుట్టి పెట్టుండాది, మనిషి బయట జగలి మింద కూర్చోనుండాది. ఆ మర్నాటి నుంచి చాప కూడా జగలి మిందికే పోయింది. జగలి అంటే మా ఇంటి ముందర ఒక మనిషి ఒళ్ళు వాల్చేంత అరుగు. పైన రేకు ఉండాది గానీ వాన ఏటవాలుగా కొడితే కాళ్ళు తడుస్తాయి.

"ఏం అత్తా, బయటెందుకు?" అంటే, "లోపల ఉక్కపోస్తాంది" అనేది.

బెంగుళూరులో ఉక్క! మేమంతా రెండు దుప్పట్లు కప్పుకోని ముడుచుకోని పండుకుంటా ఉంటే ఆయమ్మకు ఉక్క!

వానలు మొదలైనాయి. మా అత్తకు ముందే ఆయాసం. రాన్రానూ ఊపిరి తీస్తే పిల్లికూతలు వినపడబట్టె. డాక్టరు కాడికి పిలుచుకోనిపోతే, "ఈ చలిలో బయట పడుకోబెడితే మందు పనిచేయదమ్మా, రొమ్ము పాడైపోతుంది" అని నా దిక్కే చూసి చెప్పినాడు. నేనేదో పండుకోబెట్టినట్ల.

కొళాయి కాడ ఇంక చెప్పేదేముంది. ఎదురింటి ఆయమ్మ బిందె కింద బిందె పెడతా, "ఏమ్మే, మీ అత్తను జగలికి కాపలా పెట్టినావంట?" అనింది. అందరూ నవ్వినారు. నాకు రెండు బాసల్లోనూ తిట్లు వచ్చు గానీ, ఆ పొద్దు బిందె సగం నిండంగానే ఎత్తుకోని వచ్చేసినా.

మా ఆయన కూడా నా మిందికే వచ్చినాడు. "నువ్వేమన్నా అన్నావా మా అమ్మను?"

"నేనేమంటాను? పోయి నువ్వే అడుగు."

ఆయన పోయి జగలి కాడ కూర్చోని, "మా, లోపలికి రా మా. జనాలు మా మొగాన ఊంచుతాండారు" అన్నాడు.

"నీ మొగాన ఎందుకు ఊంచుతారప్పా, గాలి బాగుండాది ఈడ" అని పక్కకు తిరిగి పండుకునింది.

మాకు ఏమీ అర్థం కాలేదు. మనిషి చూస్తే మంచిదే. పగలంతా ఇంట్లోనే తిరుగుతా, నా బిడ్డకు పప్పన్నం కలిపి పెడతా, తల దువ్వుతా, నా చేతిలో పని నాకు తెలీకుండా లాక్కునేది. పొద్దుమునిగి దీపం పెడితే మాత్రం చాప చంకలో పెట్టుకోని బయటికి.

ఇట్ల ఉండంగా ఒక ఆదివారం వచ్చింది. మా అత్త వచ్చి ఇంకా నెల్నాళ్ళు కూడా తిరగలేదు. ఇల్లూ జగలీ కొళాయీ తప్ప యాడికీ పోయేది కాదు. కన్నడం ముక్క రాదు. ఒకే ఒక్క మాట మాత్రం తెలుసు, అది "రీ". ఓనరమ్మ పొద్దున లేచినకాడి నుంచి "రీ, కాఫీ కుడీరీ, రీ, బాగిలు హాకీరీ" అని మొగుణ్ని కాఫీ తాగమనో తలుపేయమనో పిలుస్తానే ఉంటాది. మా అత్త మొదట్లో అది ఆయన పేరనుకునింది. "కాదత్తా, రీ అంటే ఏమండీ అన్నట్ల" అని చెప్పినాను.

ఆ పొద్దు నేనే బలవంతంగా చెయ్యి పట్టుకోని పిలుచుకుపోయినా. "రా అత్తా, టీవీలో నాటకమంట. నేను తెలుగులో చెప్తాలే." వక్కాకు సంచి ఒళ్ళో పెట్టుకోని నా పక్కన కూర్చునింది. మా ఆయన కూడా ఆడనే ఉండాడు. ఓనరమ్మ వాకిలి మెట్టు పగిలిపోయింటే, ఆదివారం గదా అని సిమెంటు కలుపుకోని వచ్చి మెట్టు పూస్తా ఉండాడు.

నాటకం మొదలాయె. ఒక పెద్దింటి ఆడమనిషి. మొగుడు పోయినాడు. హాల్లో గోడకు ఆయన పటం, పూలదండ, దీపం. ఆయమ్మ పటం కింద కూర్చోనుండాది. వచ్చేవాళ్ళు వస్తాండారు, కాఫీ తాగుతాండారు, "దేవరంథ మనుష్య" అంటాండారు.

"దేవునట్లాంటి మనిషంట" అని చెప్పినాను నేను.

వాళ్ళు పొగిడినప్పుడంతా ఆయమ్మకు పాతది ఏదో ఒకటి గుర్తుకొస్తాంది. ఆ మొగుడు కొట్టేవాడు కాదు, తిట్టేవాడు కాదు. పెండ్లాంతో మాట్లాడేవాడే కాదు. నీళ్ళు కావాల్నంటే ఆయమ్మ ఎదురుగా ఉండంగానే గోడకు చెప్తాడు, "ఈ ఇంట్లో ఒక గ్లాసు నీళ్ళు దొరుకుతాయా" అని. బయట స్నేహితులతో మాత్రం పగలబడి నవ్వుతాడు. ఆయమ్మ వంటింట్లో నుంచి ఆ నవ్వు వింటా ఉంటాది. ఆ నవ్వు వినేటప్పుడు ఆ నటించిన ఆయమ్మ మొగంలో ఏముండిందో నేను చెప్పలేను. ఏడవలేదు. దోసె తిరగేస్తా ఒక్క గడియ నిలబడింది, అంతే.

నేను చెప్తా చెప్తా పక్కకు చూసినా. మా అత్త వక్కాకు నమలడం ఆపేసింది.

కడాకి అందరూ పోయినారు. ఆయమ్మ కాఫీ లోటాలన్నీ కడిగి బోర్లించి, చెయ్యి తుడుచుకోని హాల్లోకి వచ్చింది. పటం ముందర నిలబడింది. చానాసేపు చూసింది. తర్వాత నిదానంగా, కోపం లేకుండా, "సాకు రీ" అని లైటు ఆర్పేసింది. నాటకం అయిపోయింది.

ఆ ఒక్క మాట నేను తెలుగు చేయలేదు. ఎన్ని నాటకాలకు ఎన్ని మాటలు కలిపి చెప్పినదాన్ని, ఆ మూడు అచ్చరాల కాడికి వచ్చేసరికి చెప్పేదే మరిచిపోయినా. కొంగు నోట్లో పెట్టుకోని కూర్చున్నా.

అప్పుడు లేచింది మా అత్త.

"ఏం ఆడిదమ్మా ఇది! సిగ్గుండాదా దీనికి? బతికినన్నాళ్ళు మొగం చూసి మాట్లాడనోణ్ని, సచ్చినాక పటానికి దండమేసి సాకండీ అని అడుక్కుంటాదా? వాడేం సాకినాడు దీన్ని? ఇదే గదా వాణ్ని సాకింది!"

మా పక్క సాకడమంటే కూడు పెట్టి పెంచడం. దూడను సాకుతాము, బిడ్డను సాకుతాము. రీ అంటే ఏమండీ అని నేనే చెప్పింటిని. రెండూ కలిపి మా అత్తకు అట్ల వినపడింది. నేను "అది కాదత్తా" అనబోయినా. ఆయమ్మ వినిపించుకునే తావులో లేదు.

"నేనైతే అడగను. నన్నెవురు సాకినారు మే? పగలంతా బంగారట్లాంటి మనిషే మీ మామ, నేను కాదన్ను. ఊరంతా నవ్విచ్చేటోడు. రాత్రయితే నేను కన్ను మూయగూడదు. ఇట్ల ఒరిగితే చాలు, కాలితో తట్టి లేపేటోడు. నీళ్ళు. ఇసనకర్ర. కాళ్ళు పట్టు. ఏమీ లేకపోతే ఊరికే. 'నేను మేలుకోనుండంగ నీకు నిద్దరేంది' అనేటోడు. ఆయప్ప కండ్లు మూసుకున్నాకనే నేను మూసుకోవల్ల. పెండ్లయిన కాడి నుంచి అంతే. పోయినాడు గదా, ఇంకనన్నా పండుకుందామంటే తెచ్చి నా నెత్తిమింద పెట్టినారు. ఆ కండ్లు చూసినారా మీరు? అంతంత కండ్లు! బతికినోడన్నా ఎప్పుడో ఒకప్పుడు మూస్తాడు. అవి ఎప్పుడు మూసుకుంటాయి?"

టీవీలో ఏదో సోపు అడ్వటేజుమెంటు పాడుతా ఉండాది. ఓనరమ్మ లేచి దాన్ని ఆపేసి, "అజ్జి ఏను హేళ్తిదారే?" అని అడిగింది, అవ్వ ఏమంటాంది అని.

అన్నాళ్ళూ నేను కన్నడం నుంచి తెలుగుకు చెప్పినదాన్ని. ఆ పొద్దు మొదటిసారి తెలుగు నుంచి కన్నడానికి చెప్పినా. ఒక్క మాట కూడా కలపలేదు. కలిపేదానికి ఏముండాది అందులో.

ఓనరమ్మ విని, కొంగుతో ముక్కు తుడుచుకోని, వచ్చి మా అత్త పక్కన నేల మింద కూర్చునింది. ఆయమ్మ మాతో పాటు నేల మింద కూర్చునింది నేను చూడటం అదే మొదలు. "అజ్జీ, అదు ఆ సాకు అల్ల" అని చెయ్యి పట్టుకునింది. అది ఆ సాకు కాదు అని.

నేను చెప్పినా. "అత్తా, కన్నడంలో సాకు అంటే చాలు అని. ఆయమ్మ అడుక్కోలేదు. 'చాలండీ' అనింది."

మా అత్త నా మొగం చూసింది. "చాలు అనిందా?"

"ఊ."

"మొగుని మొగం చూసి?"

"చూసి లైటు ఆర్పేసింది గదత్తా."

ఆయమ్మ దవడలో ఆగిపోయిన వక్కాకు మళ్ళా నమలబట్టె. "అట్లయితే బుద్ధిమంతురాలే. నేనే నోటికొచ్చినట్ల అంటిని పాపం." ఆర్పేసిన టీవీ దిక్కు తిరిగి, రెండు చేతులూ ఎత్తి, "తప్పయిపోయింది తల్లీ" అనింది. ఓనరమ్మ ఏడుస్తానే నవ్వింది. మేమంతా నవ్వినాము. ఆ నవ్వులో మా అత్త కూడా కలిసింది, పిల్లికూతలతోనే.

అప్పుడు నాకు గుర్తొచ్చి వాకిలి దిక్కు చూసినా. మా ఆయన మెట్టు కాడ తల వంచుకోని ఉండాడు. అంతా విన్నాడు. గమేళాలో సిమెంటు గట్టిపడతాంది. మెట్టు పూత ఎప్పుడో అయిపోయింది. అయినా ఆయన తాపీతో దాన్నే రుద్దుతాండాడు, రుద్దిందే రుద్దుతాండాడు. ఆ మెట్టు అద్దమట్లాయె. వానొస్తే దాని మింద జారతామని ఓనరమ్మ తర్వాత చానాసార్లు తిట్టింది.

పొద్దు వాలకముందే ఇంటికొచ్చి పటం దించినాడు. తువ్వాల చుట్టి, సైకిలు వెనక సుతిలితో కట్టినాడు.

"యాడికి?" అన్నా.

"పనికాడికి."

అప్పట్లో ఆయనకు హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో పని. ఇప్పుడు ఆడ రోడ్డు దాటాలంటే దేవున్ని తలుచుకోవల్ల గానీ, అప్పుడు ఎర్రమన్నూ, హద్దురాళ్ళూ, యాడో ఒక ఇల్లూ. కట్టే ఇంటి పక్కన సిమెంటు మూటలకు ఒక రేకుల షెడ్డు ఉండేది. దీపం పెట్టే యాళకు ఆయన తిరిగొచ్చినాడు. మా అత్త అప్పటికే చాప తీసుకోని గడప కాడికి వచ్చుండాది.

"మా" అన్నాడు. "నాయనను పనికాడ పెట్టినా. షెడ్డులో, రసమట్టం పక్కన. నాకు పని నేర్పినోడు, నాకు ఆడ కావల్ల. నీకు..." అని గోడ దిక్కు చూపిచ్చినాడు. "మొల అట్లే ఉండాది. నీకేమన్నా కావాల్నంటే తగిలిచ్చుకో."

మా అత్త గోడ చూసింది. వంటింటి పొగ తగలక పటం ఉన్నంత మేర సున్నం తెల్లగా ఉండాది.

"ఆడ వానకు తడవడు గదా?" అనింది.

"తడవడు మా. రేకులుండాయి."

ఆయమ్మ నడుము కాడ దోపుకున్న వక్కాకు సంచి తీసి ఆ మొలకు తగిలిచ్చి, దాని కింద చాప పరుచుకునింది.

ఆ పటం తర్వాత చానా ఊర్లు తిరిగింది. మా ఆయనకు యాడ పని ఉంటే ఆడికి పోయేది. జిగణి దిక్కు ఫ్యాక్టరీ గోడలు కట్టినప్పుడు కూడా షెడ్డులో ఆయనతోనే ఉండాది. మేము రెండు గదుల ఇంటికి మారినాక, నా చిన్నబిడ్డ కాలేజీకి పోయే కాలానికి, మా ఆయన మోకాళ్ళు నొప్పులని పని తగ్గించుకోని పటాన్ని ఇంటికి తెచ్చినాడు. అన్నేండ్ల సిమెంటు దుమ్ముకు, రేకుల వేడికి కోటు రంగు పోయింది. స్టూడియో ఆయన దిద్దిన నలుపంతా పోయి, మామ కండ్లు మా పెండ్లినాటి మాదిరి సగం మూతపడినాయి. మా అత్త కండ్లద్దాలు పెట్టుకోని దగ్గరగా చూసింది. "ఇప్పుడు నిద్దరపోతాండాడు పాపం" అనింది. "పెట్టండి యాడన్నా." ముందరి గదిలో పెట్టినాము. పండగొస్తే ఆయమ్మే పూలు పెట్టి, "సాకు రీ" అని దండం పెట్టుకునేది. అది ఏ బాసలో అనిందో నేను అడగలేదు.

నా బిడ్డలిద్దర్నీ సాకింది ఆయమ్మే. నేను నాలుగిండ్లలో వంటకు పోయి వస్తా ఉంటే, వాళ్ళకు అన్నం పెట్టి, "సాకా?" అని అడిగేది. "సాకు జేజీ" అనేవాళ్ళు. ఆయమ్మకు కడాకి వచ్చిన కన్నడం అంతే. నాకు అంతకంటే ఎక్కువ ఏ బాస నుంచీ అక్కర లేకపోయింది.

ఆ నాటకం మళ్ళా వేయలేదు. వేసినా నేను చూడలేదు. రాసిందెవరో, దోసె తిరగేస్తా ఒక్క గడియ నిలబడిన ఆయమ్మ ఎవరో నాకు తెలీదు. వాళ్ళు చల్లగా ఉండాల. పొద్దున స్నానం చేసి దీపం పెట్టేటప్పుడు నా వాళ్ళ పేర్లు చెప్పుకున్నాక, పేరు తెలీని ఆయమ్మకు కూడా ఒక దండం పెడతాను.

అన్నీ చెప్పి, పటం దించిన మర్నాటి పొద్దు చెప్పకపోతే ఎట్ల. నీళ్ళొచ్చే యాళకు నేను కొళాయి కాడికి పోయినా. రోజూ నాకంటే ముందు మా అత్తే లేచి బిందె వరసలో పెట్టుండేది. ఆ పొద్దు లేదు. జగలి ఖాళీ. ఎదురింటి ఆయమ్మ చూసింది.

"ఏమ్మే, కాపలా లేదే? ఊరికి పంపించేసినావా ముసలామెను?"

"లోపల పండుకోనుండాది" అన్నా. "నిద్దరపోతాండాది."

ఆయమ్మ నా వెనక మా వాకిలి దిక్కు చూసింది. తలుపు వారగా వేసుండాది. లోపల నుంచి మా అత్త గురక వినపడతాంది. చిన్న గురక కాదు అది, కొళాయి కాడ అందరికీ వినపడతాంది. ఒకామె నవ్వబోయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునింది.

"కొంచెం బిందెలు చప్పుడు కాకుండా పెట్టండమ్మా" అన్నాను నేను, కన్నడంలో, మర్యాదగా.

పెట్టినారు. ఆ కొళాయి కాడ కొట్లాట లేకుండా అందరమూ నీళ్ళు పట్టుకున్న పొద్దు నాకు గుర్తుండి అదొక్కటే.